లచ్చవ్వ అనుమానించిన పసుపు

నిన్న మధ్యాహ్నం కుట్టుమిషను ముందు కూర్చుని టవెళ్ళకు అంచులు కుడుతుంటే పక్కింటి గడప దాటి తంబాకు ఘాటు వచ్చింది. ముందు నీళ్ళలో నానిన బీడీ ఆకు వాసన, దాని వెనకే జల్లెడ పట్టిన తంబాకు. ఆ ఇంట్లోకి కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు పని మొదలుపెట్టారు. రెండుసార్లు తుమ్మాను. కళ్ళు చెమ్మగిల్లాయి. మిషను ఆపాను. ఆ గడపలో నాకు తెలిసినంత కాలం లచ్చవ్వ తప్ప ఇంకెవరూ చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చోలేదు. ఆమె పోయి ఇంకా ఏడాది కాలేదు.

ఇది రాసి పెట్టాలని ఆమె దినాల భోజనం నాడే అనుకున్నాను. బంతిలో కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె, “పనిల మాత్రం ఎవ్వరికి తీసిపోదు. కాని దాని షక్కు ఒక ఇంటి పసిగుడ్డును తిన్నది” అంది. షక్కు అంటే అనుమానం. ఎవరూ కాదనలేదు. ఒకరిద్దరు తల కూడా ఊపారు. మా సోలాపూర్ దాజీ పేట్‌లో ఒక మాట నాలుగు గుమ్మాలు తిరిగితే నిజమైపోతుంది. రాసి పెట్టని సంగతి చెప్పేవాళ్ళ నోటికి తగ్గట్టు మారుతుందని పుస్తకాలు చదివేదాన్ని కాబట్టి నాకు తెలుసు. వాళ్ళు చెప్పుకునే ఆ ఇల్లు మాదే. ఆ పసిగుడ్డు మా తోటికోడలు సునంద కడుపులోది. జరిగిందంతా దగ్గరుండి చూశాను. లచ్చవ్వను ఎన్నడూ చూడనివాళ్ళు కూడా ఇది చదివి, ఆమె ఏం చేసిందో ఏం చేయలేదో తెలుసుకోవాలి.

మా సందులో ఆమెను షక్కుల లచ్చవ్వ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. పాలవాడు పోసిన పాలు వేలి గోరు మీద ఒక చుక్క వేసి, జారుతుందో నిలుస్తుందో చూసి గానీ లోపలికి తీసుకునేది కాదు. కూరగాయల తక్కెడను కింది నుంచి కూడా చూసేది. ఎవరింట్లోనూ మంచినీళ్ళు ముట్టేది కాదు. కాచి చల్లార్చిన నీళ్ళ చెంబు ఒకటి పెళ్ళిళ్ళకు కూడా చంకన పెట్టుకుని వచ్చేది. అది చూసి పెళ్ళివారు మొహం మాడ్చుకునేవారు. ఆమె అనుమానాల్లో ఎక్కువ భాగం తప్పేనని కూడా చెప్పాలి. ఒకసారి ఆరేసిన తువ్వాలు కనిపించక మా ఇంటి మీద పడింది. మా పెట్టె తెరిపించి చూసింది. సాయంత్రానికి ఆ తువ్వాలు ఆమె దిండు కిందే దొరికింది. మా అత్త అంబవ్వ గడపలో నిలబడి ఇప్పుడేమంటావని అడిగితే, లచ్చవ్వ బీడీ చుట్టడం ఆపకుండా, “దొరికింది గద, ఇంక ఏంది?” అంది. అప్పటి నుంచి వాళ్ళిద్దరికీ సరిపడేది కాదు.

నాకు మాత్రం ఆమె గడప ఇష్టం. నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. కోడలిగా ఈ సందుకు వచ్చాక గ్రంథాలయం దారి పట్టాను. అక్కడ తెలుగు అలమారాలలో నేను తెరవని పుస్తకం అరుదు. కథలు అయిపోయాక చరిత్ర, చరిత్ర అయిపోయాక ఆరోగ్యం, తర్వాత నక్షత్రాలు, పట్టుపురుగులు, ఏది దొరికితే అది. చదివింది ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మా ఇంట్లో వినేవాళ్ళు లేరు. లచ్చవ్వ వినేది. కానీ ఆమె వినడం మామూలు వినడం కాదు. నేను రెండు వాక్యాలు చెప్పగానే, “ఎవరు చెప్పిండ్రు?” అనేది. పుస్తకంలో ఉందంటే, “పుస్తకానికి ఎవరు చెప్పిండ్రు? వాడు పోయి చూసిండా?” అనేది. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత, ఈ ప్రశ్న వస్తుంది కదా అని నేనే ముందుగా వెతకడం మొదలుపెట్టాను. ఈ మాట రాసినాయన ఎవరు, ఎట్లా తెలుసుకున్నాడు, ఇంకో పుస్తకం ఇదే మాట చెబుతోందా లేదా అని. బడిలో ఏ టీచరూ నాకు నేర్పని చదువు ఇది.

సునంద మా మరిది రాజేశం భార్య. చిన్నప్పుడే తల్లి పోతే మేనత్త దగ్గర బీడీల మధ్య పెరిగిన పిల్ల. ఆమె చేతి వేగం చూడటానికి సందులో పిల్లలు మూగేవారు. మొదటి కడుపు. ఏడో నెల నడుస్తోంది. ఎండలు తగ్గి తొలి వానలు పడిన రోజులు. ఒక మధ్యాహ్నం చాట ముందు కూర్చున్న పిల్ల గబుక్కున లేచి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మోరీ కాలువ దగ్గరికి పరుగెత్తింది. తంబాకు వాసన పడటం లేదంది. అత్త నవ్వి, వేవిళ్ళు కొందరికి చివరిదాకా ఉంటాయి, రాజేశం కడుపులో ఉన్నప్పుడు నాకూ అంతే అంది. గడపలోంచి ఇది చూసిన లచ్చవ్వ నన్ను పిలిచి మెల్లగా, “ఇన్ని నెలలు పడ్డ వాసన ఇప్పుడెందుకు పడదు? పని తప్పించుకోనీకె నాటకమేమో ఖరే చూడు” అంది. ఖరే అంటే నిజం. సోలాపూర్‌లో పుట్టి పెరిగిన నోటికి ఈ మరాఠీ మాట తెలియకుండానే వస్తుంది. ఆమె అన్న మాటలో సునంద మీద జాలి ఏమీ లేదు. ఉన్నదల్లా అనుమానమే. ఆ అనుమానం వేసిన ప్రశ్న మాత్రం నా బుర్రలో ఉండిపోయింది. ఇన్ని నెలలు పడ్డ వాసన ఇప్పుడెందుకు పడదు?

ఆ వారమే గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన ఒక ఆరోగ్య పుస్తకం నాకు దొరికింది. దొరికిందనడం తప్పు, వెతికి తీశాను. కాలేయానికి వైరస్ సోకితే కళ్ళు పచ్చబడటానికి ముందు కొన్నాళ్ళు ఒళ్ళు అలసిపోతుందని, అన్నం చూస్తే వెగటు పుడుతుందని, పొగ తాగేవాళ్ళకు ఉన్నట్టుండి ఆ పొగ వాసనే గిట్టదని అందులో ఉంది. ఇంటికి వస్తూ దారిలో ఆ వాక్యాన్ని పదిసార్లు అనుకున్నాను. నేరుగా లచ్చవ్వ గడపకు వెళ్ళి చెప్పాను. నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను.

“అది బీడీ తాగేటోళ్ళ ముచ్చట. మన పోరి తాగుతదా?” అంది. తాగదు గానీ రోజంతా ఆ వాసనలోనే ఉంటుంది కదా అన్నాను. ఆమె దారం తెంపింది. “పుస్తకం చెప్పిందని నమ్మకు, నేను చెప్పిన్నని నమ్మకు. పోయి అడుగు. ఇంకేమేం ఉన్నయని ఆ పుస్తకంల రాసిండో అన్నీ అడుగు. ఆమె సిగ్గుపడే సంగతి ముందుగాల అడుగు” అంది.

సునందను వెనక అరుగు మీద కూర్చోబెట్టి అడిగాను. మూత్రం డికాషన్ రంగులో వస్తోందని చెప్పింది. దవాఖానలో ఇచ్చిన బలం గోలీల వల్ల అనుకుందట. అరచేతులు, అరికాళ్ళు దురద పెడుతున్నాయట. అది తంబాకు దుమ్ము అనుకుంది. కుడివైపు పక్కటెముకల కింద బరువుగా ఉందట. అది బిడ్డ తన్నుతోంది అనుకుంది. నడుము వాలిస్తే లేవబుద్ధి కావడం లేదట. అది ఉక్కపోత. పాపం ఆమెదేం తప్పు? రోగం పంపిన ప్రతి గుర్తుకూ మా ఇంట్లో వేరే జవాబు ముందే ఉంది. కడుపుతో ఉన్న ఆడదానికి, బీడీలు చేసే ఆడదానికి ఏ బాధ వచ్చినా ఆ రెంటిలో ఒకదాని మీదికి నెట్టేయవచ్చు. ఇక మిగిలింది కళ్ళు.

ఆ మరుసటి శుక్రవారం సునందకు ఒడి నింపే వేడుక, అంటే సీమంతం. ఆకుపచ్చ చీర, చేతినిండా ఆకుపచ్చ గాజులు, మొహానికీ మెడకూ చేతులకూ పసుపు. వచ్చిన ప్రతి ముత్తయిదువా ఇంకాస్త రాసింది. లోపలి గదిలో పసుపు వెలుగు పాత బల్బు ఒక్కటే. నేను ఎంత తొంగి చూసినా ఏమీ తెలియలేదు. అందరి కళ్ళూ ఒకే రంగులో కనిపించాయి. అప్పుడు పిలవకుండానే లచ్చవ్వ లోపలికి వచ్చింది. తన చెంబు చంకనే ఉంది. సునంద చేయి పట్టుకుని లేపి, ఆడవాళ్ళంతా చూస్తుండగా వీధి గుమ్మం దాటించి ఎండలోకి తీసుకెళ్ళింది. అత్త గుమ్మంలోకి వచ్చి, వేడుక మధ్యలో పీటల మీది పిల్లను లేపుతావా అని గదమాయించింది. లచ్చవ్వ చెంబులోని నీళ్ళతో సునంద మొహం కడిగి, కొంగుతో తుడిచి, బొటనవేలితో కింది రెప్పను కిందికి లాగింది.

“బల్బు కింద అందరం పచ్చగనే ఉంటం” అంది. “గిటు రా పద్మా, ఎండల చూడు.”

చూశాను. కంటి తెలుపు ఉండవలసిన చోట తెలుపు లేదు. పండిన నిమ్మతొక్క రంగు. ఎంత తుడిచినా పోని పసుపు అది.

పసిరికెలు అని మా వాళ్ళూ, కావీళ్ అని మరాఠీ వాళ్ళూ అనే ఈ కామెర్ల జబ్బుకు మా సందులో అందరికీ తెలిసిన మందు ఒక్కటే. బజారు వెనక ఒక చిన్న గదిలో పసరు పోసే ఒకాయన ఉండేవాడు. దవాఖానకు పోదామని నేను పుస్తకం తెచ్చి చూపించాను. అత్త పుస్తకం వైపు చూడను కూడా చూడలేదు. మర్నాడు పొద్దున సునందను తీసుకుని ఆయన దగ్గరికి బయలుదేరింది. నేను వెంట వెళ్ళాను. లచ్చవ్వను ఎవరూ పిలవలేదు, అయినా వచ్చింది. ఆయన సునందకు ఆకుపసరు తాగించి, ఒక పళ్ళెంలో సున్నపుతేట పోసి, ఆమె రెండు చేతులూ అందులో ముంచి రుద్దాడు. తెల్లటి నీళ్ళు చూస్తుండగానే పచ్చబడ్డాయి. చూశారా, కావీళ్ దిగుతోంది అన్నాడు. అత్త రెండు చేతులూ జోడించింది. ఆ పచ్చ నీళ్ళు చూసి నాకు కూడా ఒక్క క్షణం ఊపిరి తేలికైంది.

లచ్చవ్వ తన గాజులు మోచేతికి ఎక్కించి ముందుకు జరిగింది. “నాకు గూడ కడుగు” అంది.

“నీకేమైందవ్వా?”

“ఏమైందో నువ్వే చూడు.”

ఆయన పళ్ళెం కడిగి, కొత్త సున్నపుతేట పోసి, ఆమె చేతులు ముంచి రుద్దాడు. సునంద నీళ్ళ కంటే ముదురు పసుపు దిగింది. ఆయన గంభీరంగా తల ఊపి, నీక్కూడా లోపల ఉన్నది అన్నాడు.

“ఉంటది మరి. ఆకు కోసే కత్తెర చేతికి వచ్చినకాంచి ఉన్నది” అంది లచ్చవ్వ. “రోజు పొద్దుమీకి చేతులు కడిగితే గిదే రంగు. ఇది కావీళ్ కాదయ్యా, తంబాకు. పద్మా, నీ చేతులు పెట్టు.” నేను బీడీలు చేయను, టవెళ్ళు కుడతాను. నా చేతులు ముంచితే సున్నపుతేట తెల్లగానే ఉంది. ఆయన మోసగాడా అంటే ఇప్పటికీ నేను చెప్పలేను. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది బీడీలు చేసే ఆడవాళ్ళే. అందరి చేతుల నీళ్ళూ పచ్చబడుతుంటే ఆయన కూడా నమ్మి ఉండవచ్చు. లచ్చవ్వకు మాత్రం ఏ సందేహమూ లేదు. దారి పొడుగునా దొంగ అంటూనే ఉంది. ఇంతా జరిగాక కూడా అత్త మనసు మారలేదు. లచ్చవ్వది చేతి రంగు, మా కోడలిది లోపలి నుంచి దిగిన రంగు అని తనకు తానే చెప్పుకుంది. పైగా పసరు మొదలుపెట్టాక ఇంజెక్షన్ పడితే ప్రాణానికే మోసమని ఆమె గట్టి నమ్మకం. రాజేశం అటు తల్లికీ ఇటు భార్యకూ మధ్య నలిగిపోయి, పసరు అయిపోనీ వదినా, తర్వాత తీసుకుపోదాం అన్నాడు.

తర్వాత కొన్నాళ్ళు సునంద ఉప్పులేని పెరుగన్నం రెండు ముద్దలు తిని పడుకునేది. పగలంతా నిద్ర. విశ్రాంతి దొరికింది, మంచిదే అన్నారు అందరూ. ఒక పొద్దున ఎందుకో తానే లేచి, మొహం కడుక్కుని చాట ముందు కూర్చుంది. అత్త సంబరపడింది. మధ్యాహ్నానికి బీడీలు కట్టలు కట్టి పక్కన పెట్టింది. కార్ఖానాకు తీసుకుపోదామని అత్త ఒక కట్ట చేతిలోకి తీసుకుంది. మొహం మారిపోయింది. ఒక బీడీ లాగి వేళ్ళ మధ్య నొక్కితే చప్పగా అణిగిపోయింది. విప్పి చూస్తే ఉత్త ఆకు. ఇంకోటి విప్పింది. అదీ అంతే. చుట్టిన తీరు చక్కగా ఉంది, దారం సరిగ్గా ఉంది, కొస మడత కూడా ఉంది. లోపల తంబాకు లేదు.

బీడీలు చేసే ఇళ్ళలో దీనికి ఒక్కటే అర్థం. కార్ఖానా ఇచ్చిన తంబాకు మిగిల్చి దాచుకుంది అని. అత్త గొంతు వీధి దాకా వినిపించింది. లచ్చవ్వ వచ్చింది. ముందు ఆమె కూడా అదే అనుకుంది. చాప ఎత్తి చూసింది, నీళ్ళ డ్రమ్ము వెనక చూసింది, చివరికి సునంద తలగడ కూడా దులిపింది. ఏమీ దొరకలేదు. తంబాకు కుప్ప పోసింది పోసినట్టే చాటలో ఉంది. వాసన పడక వేయలేదేమో అన్నాను నేను. లచ్చవ్వ ఆ మాట కూడా నమ్మలేదు. సునంద ఎదురుగా గొంతుక్కూర్చుంది.

“బిడ్డా, ఒక్క బీడీ చెయ్యి. చూస్త.”

సునంద ఆకు తీసి అరచేతిలో పరిచింది. వేళ్ళు తంబాకు కోసం వెళ్ళి, కుప్పకు పక్కన ఖాళీ చాట మీద ముడుచుకుని, ఏమీ లేని చిటికెను ఆకులో చల్లాయి. చుట్టింది. దారం కట్టింది. కొస మడిచింది. చేతులు ఎక్కడా తడబడలేదు.

“తంబాకు వేసినవా?”

“వేసిన గద.”

“నేనెవర్ని?”

సునంద ఆమె మొహంలోకి చూసి నవ్వింది. “అమ్మా” అంది. చనిపోయిన తల్లిని పిలిచినట్టు, ముద్దుగా. అత్త చేతిలోని కట్ట కింద పడింది.

లచ్చవ్వ నా వైపు తిరిగింది. “నీ పుస్తకంల ఇది ఉన్నదా పద్మా?” ఉంది అన్నాను. కళ్ళు పచ్చబడ్డ మనిషికి పగలు నిద్ర ఎక్కువై, మాట తడబడి, మనుషులను పోల్చుకోలేకపోతే అది కాలేయం చేతులెత్తేస్తున్న గుర్తని, ఒక్క గంట కూడా ఆగకూడదని ఉంది. ఎవరు చెప్పిండ్రు అని ఆమె అడగకపోవడం అదే మొదటిసారి.

అత్త గుమ్మానికి అడ్డం నిలబడి ఏడ్చింది. పసరు ఒంట్లో ఉందని, సూది పొడిస్తే పిల్ల దక్కదని, రాజేశం వచ్చేదాకా కదలనివ్వనని అంది. లచ్చవ్వకు దవాఖాన అంటే ఎంత భయమో నాకు తెలుసు. మగ్గం మీద కూలిపోయిన భర్తను దవాఖానకు తీసుకుపోయి ఒంటరిగా తిరిగొచ్చింది. ఆ తర్వాత జ్వరానికి కూడా ఆ గేటు దాటలేదు. ఆమె అత్త భుజం మీద చేయి వేసింది. తువ్వాలు గొడవ తర్వాత ఆమెను తాకడం అప్పుడే చూశాను.

“అంబవ్వా, దవాఖాన మీద నాకు నమ్మకం లేదు. ఈ పిల్ల నిద్ర మీద అంతకన్న లేదు. జరుగు.”

కుమ్ఠా నాకాలో మగ్గాల షెడ్డులో ఉన్న రాజేశానికి ఫోన్ చేశాను. మగ్గాల చప్పుడులో రెండుసార్లు చెబితే గానీ వినిపించలేదు. వినిపించాక ఒక్క మాటే అన్నాడు. తీసుకుపోండి వదినా, నేను అటే వస్తున్నా అని. అత్త గుమ్మంలోంచి జరిగింది. కొంతం చౌక్ దగ్గర ఆటో పెట్టుకునే సలీం భాయి సందులోకే వచ్చాడు. దారిలో నీళ్ళ గుంతలు తప్పించడానికి వెనక్కి కూడా చూడకుండా నడిపాడు.

సర్కారీ దవాఖానలో డాక్టరమ్మ చేసిన మొదటి పని సునందను కిటికీ దగ్గరికి జరిపించి, కింది రెప్ప లాగి చూడటం. తర్వాత రక్తం తీశారు. నీళ్ళెక్కడివని అడిగింది. కాలేయానికి సోకిన ఈ జబ్బు తాగే నీళ్ళలో మురుగు కలిస్తే వస్తుందని, చాలామందికి విశ్రాంతితో తగ్గిపోతుందని, నెలలు నిండుతున్న గర్భిణికి మాత్రం ప్రాణం మీదికి తెస్తుందని మరాఠీలో నిదానంగా చెప్పింది. కావీళ్ అని తెలిసిన నాడే రావలసింది అంది. మా సందులో నల్లా నీళ్ళు పైకి ఎక్కవు. అందుకే గుమ్మం ముందు గుంత తవ్వి, కింద పైపుకు బిందె పెట్టి పట్టుకుంటాం. ఆ గుంత పక్కనే మోరీ. తర్వాత తవ్వి చూస్తే అక్కడే పైపు చీలి ఉంది. సందులో మరో నలుగురికి కళ్ళు పచ్చబడ్డాయి. కాచిన నీళ్ళ చెంబు చూసి ఎన్నో ఏళ్ళు అందరూ నవ్విన లచ్చవ్వకు మాత్రం ఏమీ కాలేదు.

మర్నాడు కడుపులో బిడ్డ గుండె ఆగింది. ఆడపిల్ల. సునంద అప్పటికింకా తెలివిలో లేదు. ఆమె దక్కుతుందో లేదో డాక్టరమ్మ కూడా చెప్పలేకపోయింది. ఆ రోజుల్లో లచ్చవ్వ వార్డు బయట గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చే ప్రతి సీసానూ అనుమానంగా చూసేది. ఇది దేనికి, ఇందాకటిది ఎందుకు మార్చారు, ఆ బల్ల మీది గోలీ ఎవరిది అని నర్సు మంగల్ తాయిని వదిలేది కాదు. తాయి విసిగిపోయి ఒకసారి, “ఆజీ, డాక్టర్ తుమ్హీ కీ త్యా?” అంది. డాక్టర్ నువ్వా, ఆమెనా అని. లచ్చవ్వ తొణకకుండా, ఇద్దరిలో ఎవరైతే ఏంది, పిల్ల కండ్లు తెరవాలె అంది. ఆ తర్వాత మంగల్ తాయి తానే ప్రతి మందూ పేరు చెప్పి చూపించి మరీ పెట్టేది. కొన్నాళ్ళకు సునంద కళ్ళు తెరిచింది. నన్ను చూసి అక్కా అంది. పేరు పెట్టి రాజేశాన్ని అడిగింది. తర్వాత చేయి పొట్ట మీదికి వెళ్ళింది.

ఇంటికి వచ్చాక సందులో ఆ మాట పుట్టింది. పసరు సగంలో ఆపించి, దవాఖాన మెట్లెక్కించి, బిడ్డను పోగొట్టింది లచ్చవ్వే అని. మొదట అన్నది మా అత్తే. దుఃఖంలో అంది. తర్వాత అందరూ అన్నారు. నేను వెళ్ళి డాక్టరమ్మను అడిగాను, దవాఖానకు తీసుకురావడం వల్ల బిడ్డ పోయిందా అని. కాదు, తేకపోతే ఇద్దరూ పోయేవారు అంది. ముందే తెచ్చి ఉంటే బిడ్డ దక్కేదా అంటే, చెప్పలేను అంది. ఈ రెండో జవాబు లచ్చవ్వకు చెప్పకుండా దాచాలనుకున్నాను. ఆమె దగ్గర దాచడం ఎవరి తరం? అడిగి అడిగి చెప్పించుకుంది. విని, చాట పక్కకు పెట్టింది. “మొదటి దినమే వాసన పడతలేదన్నది. నేను నాటకమన్న. ఊరంత నన్ను అనుమానిస్తున్నరు గద, నాకు గూడ నా మీద షక్కే ఉన్నది పద్మా” అంది. ఆమె తన గురించి ఎవరి దగ్గరా వాదించుకోలేదు.

ఆమె నుంచి నాకు మిగిలింది కూడా ఆ షక్కే. ఇప్పుడు మా సందులో ఎవరికైనా అన్నం సయించకపోయినా, మూత్రం రంగు మారినా నన్ను పిలుస్తారు. నేను వాళ్ళను బల్బు కింద చూడను. ఎండలోకి తీసుకెళ్ళి రెప్ప లాగి చూస్తాను. దురద ఉందా, మలం సున్నంలా తెల్లబడిందా, పగలు నిద్ర వస్తోందా అని అడుగుతాను. చదివిందంతా చెబుతాను. చెప్పి, నా మాట నమ్మకండి, పోయి రక్తం పరీక్ష చేయించుకోండి అంటాను. నా కళ్ళ మీద కూడా నాకు కొంచెం అనుమానం ఉంచుకున్నాను. అది ఉన్నన్నాళ్ళే నా చదువు ఎవరికైనా పనికొస్తుందని నా నమ్మకం.

ఇది రాయడానికి, సునంద బతకడానికి సాయపడ్డవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అట్ట ఊడిన పుస్తకాన్ని చెత్తలో వేయకుండా అలమారాలో ఉంచిన గ్రంథాలయం విఠల్ సార్‌కు. ఆటో సలీం భాయికి. కసురుకుంటూనే ప్రతి మందూ చూపించిన మంగల్ తాయికి. నడుస్తున్న మగ్గం ఆపి వచ్చిన రాజేశానికి. ఆ రోజు గుమ్మంలోంచి చివరికి జరిగిన మా అత్త అంబవ్వకు. దాచకుండా నా పేరే రాయి అక్కా అన్న సునందకు.

సునందకు ఇదంతా చదివి వినిపించాను. విన్నాక, నాకు తెలియని ఒక సంగతి చెప్పింది. తెలివి వచ్చి, బిడ్డ లేదని తెలిసిన పొద్దున, మేమంతా బయట ఉన్నప్పుడు, సునంద మంచం పక్కనున్న లచ్చవ్వను నోటికొచ్చినట్టు తిట్టిందట. నువ్వే నా బిడ్డను తిన్నవ్ అన్నదట. లచ్చవ్వ లేచి వెళ్ళలేదట. చెంబులోంచి గ్లాసులో నీళ్ళు పోసి, ముందు తానొక గుక్క తాగి చూసి, గ్లాసు సునంద నోటికి అందించిందట.

“తిట్టు బిడ్డా” అన్నదట. “తిట్టనీకె నువ్వున్నవ్. నాకు గంతే చాలు.”